రానివాళ్ళ పుస్తకం

ముప్పై ఏళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ప్రార్థనకు పిలిచే ముసలావిడను వీధంతా బైబిలమ్మ అంటుంది. ఆమెను ఒక్కసారి కూడా తన గడప దాటనివ్వనివాడు వెల్డరు. ఆ సాయంత్రం అతనే ఆమె గడపలోకి వచ్చాడు. చర్చి వెనక హాలు గుమ్మంలో, లోపలికి రాలేక, తిరిగి పోనూ లేక నిలబడ్డాడు.

"మీరు ఒక్క పది నిమిషాలు..."

"మీరా? ఎవరు, నేనా?"

"మీరే."

"నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూశాను నాయనా. మొన్న పంపు దగ్గర 'ఏయ్ ముసలీ, జరుగు' అన్నావ్. ఇవాళ 'మీరు' అయిపోయాను. నేను పోయేలా ఉన్నానని ఎవరైనా చెప్పారా?"

"సరే, నువ్వు. పెద్దమ్మా, ఒక్క పది నిమిషాలు కూర్చో. పనుంది."

"అలా రా దారికి. చెప్పులతోనే రా, ఏం కాదు. పొద్దున్న బడిపిల్లలు, మధ్యాహ్నం కుట్టు నేర్చుకునే ఆడవాళ్ళు, బుధవారం నర్సమ్మ దగ్గరికొచ్చే జనం. ఈ నేల చూడని బురద లేదు. ఆ బల్ల మీద కూర్చో."

"నిలబడే చెప్తాను."

"కూర్చుంటే క్రైస్తవుడివైపోతావని భయమా?"

"అదిగో, ఇందుకే నేను రాను ఇక్కడికి. మాటకి ముందొకటి, వెనకొకటి అంటిస్తావ్."

"వచ్చావుగా."

"వచ్చాను. ఏం చెయ్యను, రావాల్సొచ్చింది. రేపు పదింటికి రోడ్డు ఆఫీసు నుంచి సర్వేయరు వస్తున్నాడు. తెలుసుగా?"

"తెలీకేం."

"వీధి మొత్తం కొత్త రోడ్డులో పోతుంది. నూట యాభై ఇళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నట్టు రుజువు చూపించినవాళ్ళకి వేరేచోట ఇంటి స్థలం ఇస్తారు. చూపించలేనివాళ్ళకి ఏమీ లేదు. సామాను బయటికి విసిరేసి బుల్డోజరు ఎక్కిస్తారు. రేపటితో లిస్టు మూసేస్తారు."

"రుజువంటే ఏం కావాలట?"

"మన గురించి పరాయివాడు రాసిన రాత. అప్పటి తారీఖుతో. మన గురించి మనం రాసుకున్నది చెల్లదు. మన వీధిలో ఎవడికి కరెంటు బిల్లుంది? ఎవడికి పన్ను రసీదుంది? ఇంటి నెంబర్లు కూడా ఆఫీసు వెయ్యలేదు. తలుపుల మీదున్న ఆ ఎర్ర నెంబర్లు..."

"నేను వేశాను. చంటిపిల్లల ఇళ్ళు వెతుక్కోలేక నర్సమ్మ చస్తోందని రంగు డబ్బా పట్టుకుని వీధంతా తిరిగాను. నీ తలుపు దగ్గరికొస్తే డబ్బా లాక్కుని కాలువలో పడేశావ్."

"తర్వాత నేనే వేసుకున్నానుగా. నలభై ఏడు."

"చూశాను. ఏడు తిరగేసి వేశావ్."

"పెద్దమ్మా, విషయం చెప్పనిస్తావా?"

"చెప్పు, చెప్పు."

"మీ పాస్టరు నలభై ఇళ్ళకి ఉత్తరం ఇచ్చాడు. 'వీళ్ళు మా సభ్యులు, ఫలానా ఏడాది నుంచి ఇక్కడే ఉన్నారు, ఇదిగో రిజిస్టరు' అని. సర్వేయరు ఒప్పుకున్నాడు."

"మంచిదేగా."

"ఏం మంచిది! మిగతా నూట పది ఇళ్ళ సంగతేంటి? వాళ్ళ పిల్లలు మీ బళ్ళో చదవలేదా? నర్సమ్మ సూది గుచ్చేటప్పుడు 'నువ్వు సభ్యురాలివా కాదా' అని అడిగి గుచ్చిందా? బడి అందరిదీ. మందు అందరిదీ. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి నలభై మందిదా? ఇదేనా మీ సేవ?"

"అరవకు. ఈ బల్లలకి చెవుడు లేదు."

"అరుస్తాను! అసలు మీరు బడి పెట్టబట్టే ఆఫీసువాళ్ళు బడి పెట్టలేదు. మీరు మందిస్తున్నారు కదా అని వాళ్ళు ఆసుపత్రి మాటే ఎత్తలేదు. వాళ్ళు చెయ్యాల్సిన పని మీరు చేసి, వాళ్ళని కాళ్ళు చాపుకుని పడుకోనిచ్చారు."

"మేం పెట్టకపోతే పెట్టేవాళ్ళా?"

"పెట్టించేవాణ్ణి."

"ఎప్పుడు?"

"...టైం పట్టేది."

"నీ కూతురు అక్షరాలు దిద్దిందెక్కడ?"

"ఇక్కడే. దానికేం? అది వేరే సంగతి."

"వేరే సంగతే. ఆ పిల్లకి అప్పుడు అయిదేళ్ళు. నీ పోరాటం గెలిచేదాకా అయిదేళ్ళ దాన్ని అయిదేళ్ళ దానిలాగే ఆపడం నా వల్ల కాలేదు నాయనా."

"సరే, అది వదిలెయ్. ఉత్తరం సంగతి చెప్పు."

"ఉత్తరం సంగతి మాత్రం నువ్వన్నదే నిజం. నేనూ అదే అడిగాను పాస్టరుగారిని. 'రిజిస్టరులో లేనివాళ్ళకి ఏమని రాసివ్వనమ్మా' అన్నారు. అది తప్పని అనలేకపోయాను. ఒప్పని ఊరుకోలేకపోయాను."

"అయితే విను. దానికి నేనో ఉపాయం తెచ్చాను."

"ఏంటది?"

"ఇదిగో లిస్టు. నూట పది ఇళ్ళు, పేర్లతో సహా. మీ రిజిస్టరు పాత పేజీల్లో ఖాళీలుంటాయిగా. వాటిల్లో ఎక్కించెయ్యండి."

"ఏమని?"

"సభ్యులని."

"ఎవర్ని?"

"అందర్నీ."

"నిన్ను కూడానా?"

"...నన్ను కూడా."

"అయ్యో నా తండ్రీ! ఆగు, ఒక్క నిమిషం నవ్వుకోనీ. నువ్వు! దేవుడు లేడని వీధి మధ్యలో బల్లేసి మరీ మీటింగు పెట్టినవాడివి!"

"కాగితం మీదే కదా."

"కాగితం మీదైనా బాప్తిస్మం తారీఖు రాయాలి. ఎప్పుడు తడిశావో చెప్పు, రాస్తాను."

"ఎగతాళి చెయ్యకు పెద్దమ్మా. నూట పది కొంపలు."

"ఎగతాళి అయిపోయింది. ఇప్పుడు నిజంగా చెప్తున్నా. రాయను."

"ఎందుకు రాయవు?"

"అబద్ధం కాబట్టి."

"ఇళ్ళు కూలిపోతుంటే అబద్ధమేంటి, నిజమేంటి? మీ దేవుడు ఆమాత్రం..."

"మా దేవుడి సంగతి నేను చూసుకుంటాను. నీ సర్వేయరు సంగతి నువ్వు చూడు. నలభై మంది ఉన్న రిజిస్టరు తెల్లారేసరికి నూట యాభై మంది అయితే, సిరా ఆరిందో లేదో వేలు పెట్టి చూస్తాడు. ఆరకపోతే ఆ నలభై ఇళ్ళు కూడా పోతాయి. అది ఆలోచించావా?"

"...లేదు."

"యూనియన్ నడుపుతావ్. ఇదా నీ తెలివి?"

"తెలివెక్కడిది. మూడు రోజులైంది కంటి మీద కునుకు లేక. ప్రతి ఇంట్లో పెట్టెలు తిరగేయించాను, చిన్న ముక్క కాగితమైనా దొరుకుతుందేమో అని. ఏమీ లేదు. ఇప్పుడు నేను వీధిలో నడుస్తుంటే జనం పలకరించట్లేదు, నా మొహం చూస్తున్నారు. 'నేనున్నాను' అని ఇన్నేళ్ళు చెప్పింది నేనే కదా."

"ఈ నీళ్ళు తాగు."

"వద్దు."

"నీళ్ళకి ఏ మతమూ లేదు. తాగు."

"...ఇటివ్వు."

"ఇప్పుడు నేనొకటి అడుగుతాను, చెప్పు. మీ వీధిలో నేను ఎన్నేళ్ళు తిరిగాను?"

"ముప్పై. అందరికీ తెలిసిందేగా."

"వారానికెన్నిసార్లు?"

"మంగళవారం, గురువారం. నీ నల్ల గొడుగు మలుపు తిరిగిందంటే అటు చివరిదాకా తలుపులు టపటపా పడిపోయేవి."

"ఎన్ని ఇళ్ళవాళ్ళు వచ్చారు?"

"నలభై."

"అంటే నూట పది ఇళ్ళవాళ్ళు ప్రతివారం నాకు ఏదో ఒక వంక చెప్పారు. అవునా? ఆ వంకలన్నీ ఏమయ్యాయి?"

"ఏమవుతాయి, గాల్లో కలిసిపోయాయి."

"కలవలేదు. నేను రాశాను."

"ఏం రాశావ్?"

"రానివాళ్ళని. పైనుంచి వచ్చిన పెద్దలు ఏటేటా నన్ను నిలదీసేవాళ్ళు. 'పొద్దస్తమానం తిరుగుతున్నానంటావ్, మరి నలభై ఇళ్ళకి మించి పెరగదేం, నిజంగా తిరుగుతున్నావా' అని. నాకు ఒళ్ళు మండింది. తట్టిన ప్రతి తలుపూ రాయడం మొదలెట్టాను. తారీఖు, ఇంటి నెంబరు, తలుపు తీసినవాళ్ళ పేరు, పని, చెప్పిన వంక. నెలాఖరున పాస్టరు చూసి సంతకం పెట్టి ముద్ర వెయ్యాల్సిందే. ఆరుగురు పాస్టర్లు మారారు, అందరిచేతా వేయించాను. ఆ బీరువా తియ్యి. కింద అర. మెల్లిగా, దాని తలుపు ఊడి చేతిలోకొస్తుంది."

"...ఇన్నా?"

"ఇరవై ఆరు. ఏడాదికొకటి."

"ఉండు, చదవనీ. 'ఇల్లు పన్నెండు. దర్జీ. జ్వరమన్నాడు. లోపలినుంచి పేకముక్కలు కలిపిన చప్పుడు.' హహ! 'ఇల్లు పన్నెండు. దర్జీ. మళ్ళీ జ్వరం.' 'దర్జీ. ఇంకా జ్వరమే.' పెద్దమ్మా, వీడికి పదకొండు వారాలు జ్వరం!"

"పన్నెండో వారం నర్సమ్మని వెంటబెట్టుకెళ్ళాను. సూది చూసి వెనక గోడ దూకాడు. ఆ దెబ్బతో తగ్గిపోయింది."

"'ఇల్లు ఎనభై మూడు. తాపీమేస్త్రి భార్య. ఆయన ఇంట్లో లేడంది. ఆయన మంచం కింద ఉన్నాడు. పాదాలు కనబడ్డాయి.'"

"పొడుగు మనిషి పాపం. మంచమేమో పొట్టిది."

"'ఇల్లు అరవై. ఎవరూ లేరు. మేక ఉంది. మేకకి చెప్పి వచ్చాను.' మేకకి చెప్పావా!"

"ఆ వేళ బాగా అలిసిపోయాను. మొత్తం వీధిలో తలుపు వెయ్యకుండా విన్నది అదొక్కటే."

"నలభై ఏడు ఎక్కడ... నలభై ఏడు..."

"నీది వెతక్కు."

"ఎందుకు వెతకకూడదు?"

"ఇప్పుడిప్పుడే నవ్వుతున్నావ్. అలాగే ఉండు."

"దొరికింది. 'ఇల్లు నలభై ఏడు. వెల్డరు. తలుపు మొహం మీద వేశాడు.' 'వెల్డరు. మళ్ళీ వేశాడు. కొత్త గొళ్ళెం పెట్టాడు. పనితనం బాగుంది.'"

"బాగున్నదాన్ని బాగుందనే రాస్తాను."

"'వెల్డరు. దేవుడుంటే కూలివాడి కూలి ఎందుకు పెరగదని అడిగాడు. జవాబు తోచలేదు. వచ్చేవారం చెప్తానన్నాను.' 'వెల్డరు. జవాబేదీ అన్నాడు. ఇంకా తోచలేదని చెప్పాను. మొదటిసారి తలుపు మెల్లిగా వేశాడు.' ...ఇప్పటికైనా తోచిందా?"

"ఆలోచిస్తున్నా. తొందరేముంది?"

"'ఇల్లు నలభై ఏడు. వెల్డరు తండ్రి పోయాడు. ప్రార్థన మాట ఎత్తలేదు. జనం ఎక్కువ, వాన, కూర్చునే చోటు లేదు. చర్చి బల్లలు పన్నెండు పంపించాను. తడిస్తే పాస్టరుగారు తిడతారు. తిట్టనీ.'"

"చదవొద్దన్నానుగా."

"...ఆ బల్లలు యూనియన్ పంపిందనుకున్నాను."

"అనుకుంటే ఏం? బల్ల కూర్చోడానికి. ఎవరు పంపారో చెప్పడానికి కాదు."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్తే తిరగ్గొట్టేవాడివి. జనం వానలో నిలబడేవాళ్ళు."

"ఉండు, ఈ పేజీ ఇంకోసారి చదవనీ."

"ముక్కు తుడుచుకో. పుస్తకం తడుస్తుంది."

"దుమ్ము. ఈ బీరువా అంతా దుమ్ము... పెద్దమ్మా! ఆ నూట పది ఇళ్ళూ ఉన్నాయా ఇందులో?"

"ఒక్కటీ పోలేదు. వచ్చేవాళ్ళ గురించి నెలకో ముక్క రాశాను. రానివాళ్ళ గురించి వారం వారం రాశాను. మీరే ఎక్కువున్నారు."

"పరాయి రాత. అప్పటి తారీఖు. సంతకం, ముద్ర. అబద్ధం ఒక్కటి లేదు. ఇంకేం కావాలి! ఇటివ్వు, తీసుకెళ్ళి సర్వేయరు ముందు పడేస్తాను."

"ఇవ్వను."

"మళ్ళీనా!"

"అందులో దర్జీ జ్వరాలు, మేకలే అనుకున్నావా? 'ఇల్లు ఇరవై రెండు. కన్ను వాచింది. జారిపడ్డానంది. జారిపడలేదు.' 'ఇల్లు నూట నాలుగు. కొడుకు జైల్లో ఉన్నాడు. పనికెళ్ళాడని అందరికీ చెప్పమంది.' గుమ్మంలో నిలబడి నన్ను నమ్మి చెప్పుకున్నవి నాయనా. ఆఫీసులో ఒక్కొక్కడూ అవి చదివి పళ్ళికిలించాలా? నువ్వొక్కడివే నిద్రపోలేదనుకుంటున్నావ్. ఈ బీరువా వైపు చూస్తూ నేనూ మూడు రోజులుగా కూర్చున్నాను."

"...వంక రాసిన గడి ఒక్కటేగా ఇబ్బంది?"

"అదే."

"అది ప్రతి పేజీలోనూ కుడిచేతి వైపు చివర ఉంది. అన్నిట్లోనూ అక్కడే."

"గీతలు నేనే కొట్టాను. వంకర పోతే నాకు నచ్చదు."

"జిరాక్సు తీసేటప్పుడు ఆ గడి మీద అట్టముక్క పెడదాం. తారీఖు, నెంబరు, పేరు, సంతకం పడతాయి. వంకలు పడవు."

"అసలు పుస్తకం చూపించమంటాడుగా?"

"నువ్వు పట్టుకుని చూపించు. అట్టముక్క తియ్యకుండా."

"తియ్యమంటే?"

"నేను పక్కన నిలబడతాను."

"నువ్వు నోరు విప్పితే వచ్చే పని కూడా చెడుతుంది."

"నోరు విప్పను. ఊరికే నిలబడతాను. నా ఒళ్ళు చూసి వాడే మర్యాదగా మాట్లాడతాడు."

"ఇరవై ఆరు పుస్తకాలూ జిరాక్సు తీస్తారా ఇప్పుడు?"

"అక్కర్లేదు. ఇరవయ్యేళ్ళ కిందటిది ఒకటి, ఈ ఏడాదిది ఒకటి, మధ్యలో రెండు. జిరాక్సు షాపువాడు ఎనిమిదింటికి గాని ముయ్యడు. బోలెడు టైముంది. పాస్టరేమంటాడో మరి?"

"ఏమంటారు? ఇవి చర్చివి కావు. నా చెప్పులరిగి వచ్చినవి. అయినా ఆయనకి ఇవాళ మన గొడవ వినే తీరికెక్కడిది?"

"ఏం, ఎక్కడికెళ్ళాడు?"

"పనుండి."

"ఏం పని?"

"ఏదోలే. ఆ సంచీ అందుకో, పుస్తకాలు పెడదాం."

"పెద్దమ్మా, నువ్వు అబద్ధం చెప్పలేవు. నీ మొహం అందుకు పనికిరాదు. ఎక్కడికెళ్ళాడు?"

"...రోడ్డు ఆఫీసుకి."

"నలభై ఇళ్ళ పని అయిపోయిందిగా. మళ్ళీ ఎందుకు?"

"చర్చి కోసం."

"చర్చికేమైంది?"

"నోటీసొచ్చింది. చర్చి, ఈ హాలు, బడి, నర్సమ్మ గది, అన్నీ రోడ్డులోకే పోతాయి."

"పోతే? మీకు కాగితాలుంటాయిగా. కొత్తచోట స్థలమిస్తారు."

"ఏం కాగితాలు? రేకుల షెడ్డుతో మొదలైంది ఇది. స్థలం ఎవరో నోటిమాటగా ఇచ్చారు, ఆయన పోయి పాతికేళ్ళు. మీ ఇళ్ళెలాగో ఇదీ అలాగే. రుజువుంటే కొత్త వీధిలో బడికీ, చర్చికీ చోటిస్తారట. లేకపోతే ఇక అంతే."

"అదేంటి, ఇన్ని రిజిస్టర్లున్నాయి!"

"అన్నీ మేం రాసుకున్నవే. నీ రూలే నాయనా. తన గురించి తాను రాసుకున్నది చెల్లదు."

"నలభై ఇళ్ళకి అదే రిజిస్టరు చెల్లిందిగా?"

"మా రాత చెల్లుతుందట. మేం మాత్రం లేమట."

"థూ! ఆఫీసు బుద్ధి. సభ్యులచేత సంతకాలు పెట్టించి ఇవ్వండి."

"ఇచ్చారు. 'మీ మనుషులు మీ మాటే చెప్తారు' అన్నాడట. చర్చితో ఏ సంబంధమూ లేనివాడు, ఇరవయ్యేళ్ళ కింద, చర్చి గురించి రాసింది కావాలట. పాస్టరుగారు పొద్దున్నించీ తిరుగుతున్నారు. ఎక్కడ దొరుకుతుంది?"

"ఇందాకట్నించి ఇది కడుపులో పెట్టుకుని నాకు నీళ్ళిచ్చి, మా ఇళ్ళ గురించి మాట్లాడుతున్నావా?"

"మీ ఇళ్ళు నూట పది. మాది ఒక్కటి. ఏం, ముందు దేని గురించి మాట్లాడాలి? అయినా దొరకనిదాని గురించి ఏడుస్తూ కూర్చుంటే దొరికింది కూడా పోతుంది. పద, షాపుకి పోదాం. చర్చికి రానివాడు చర్చి గురించి పనిగట్టుకుని ఎందుకు రాస్తాడు చెప్పు? ఏంటలా నిలబడిపోయావ్? సంచీ బరువుగా ఉందా?"

"పెద్దమ్మా. నేను రాశాను."

"ఏం రాశావ్?"

"అర్జీలు. పదకొండు. మొదటిది ఇరవై రెండేళ్ళ కింద. నకళ్ళు మా వెల్డింగు షాపులో ఇనప్పెట్టెలో ఉన్నాయి, ఒక్కోదాని మీదా ఆఫీసు ముద్ర, తారీఖు."

"చర్చి గురించా? ఏమని?"

"'మా వీధి మొదట్లో ఏళ్ళ తరబడి పాతుకుపోయి ఉన్న ఈ చర్చిని వెంటనే పీకించవలెను' అని."